ఒకేలా వినిపించే ఇంగ్లిష్ మాటలు: తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్ట్ పేపర్లు ఈ వారం ఇంటికి పంపుతున్నాం. ఇంగ్లిష్ పేపర్లో ఎర్ర సిరాతో సున్నా చుట్టిన మాటలు చూసి పిల్లల్ని కోప్పడకండి. వాటిలో చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పులు కావు. చెవికి తేడా తెలియలేదు కాబట్టే రాతలోనూ తెలియలేదు.

'లూజ్' మాటనే చూడండి. ప్యాంటు లూజుగా ఉంది, నట్టు లూజైంది అని మనం రోజూ అంటాం. నిజానికి వదులు అనే అర్థం ఉన్న ఇంగ్లిష్ మాటను 'లూస్' అని పలకాలి, స్పెల్లింగులో రెండు ఓలు. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, ఓడిపోవడం. దానికి ఒకటే ఓ. ఇంట్లో వినేది ఒకటి, పుస్తకంలో ఉండేది మరొకటి. అందుకే మ్యాచ్ ఓడిపోయామని రాయాల్సిన చోట పదో తరగతి పిల్లలు కూడా రెండు ఓలు పెట్టేస్తున్నారు.

ప్రైస్ అంటే ధర, ప్రైజ్ అంటే బహుమతి. అడ్వైస్ అంటే సలహా, చివర సి, ఇ. అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం, చివర ఎస్, ఇ. ఇంగ్లిష్ జెడ్ శబ్దానికి తెలుగులో విడిగా అక్షరం లేదు, 'జ'తో సర్దుకుంటాం. గొంతు మీద వేళ్లు పెట్టుకుని 'స్స్స్' అనమనండి, ఏ కదలికా ఉండదు. నాలుక కదపకుండా దానికే గొంతు కలిపితే వేళ్లకు సన్నగా అదురు తెలుస్తుంది. అదే జెడ్.

వెస్ట్ సంగతీ ఇంతే. మనకున్నది ఒక్క 'వ'. పై పళ్లు కింది పెదవికి తగిలితే 'వి'తో మొదలయ్యే వెస్ట్, అంటే బనియను. పెదవులు గుండ్రంగా చుడితే 'డబ్ల్యూ'తో మొదలయ్యే వెస్ట్, అంటే పడమర. పిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి పలికించండి, సరదాగా నేర్చుకుంటారు.

మన పిల్లలకు ఒక బలం కూడా ఉంది. షిప్, షీప్ మాటల తేడా స్పానిష్ మాట్లాడేవాళ్లకు చాలా కష్టం. గుణింతం దిద్దిన మన పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు. ఈ సంగతి వాళ్లకు తప్పకుండా చెప్పండి.

ప్రిన్సిపల్, స్టేషనరీ (ఒకటి రాత సామగ్రి, ఇంకొకటి కదలకుండా ఉన్నది) లాంటి జంటలకు మాత్రం చెవి సాయం చేయదు, రెండు మాటలూ ఒకేలా పలుకుతాం. స్కూలు పెద్ద అయితే చివర పి, ఏ, ఎల్. నియమం, సూత్రం అయితే పి, ఎల్, ఇ. సెలవు చీటీల్లో ఈ తప్పు ఎక్కువగా కనిపిస్తోంది.

జంటలోని రెండు మాటలనూ ఒకే రోజు చెబితే పిల్లలు మరింత తికమకపడుతున్నారు. కాబట్టి ఇకపై ముందు ఒకటి బాగా వచ్చాకే రెండోది చెబుతాం. ఇంట్లోనూ అలాగే చేయండి. ఇంపొజిషన్ రాయించవద్దు. మాటను బిగ్గరగా పలికించి, దానితో ఒక సొంత వాక్యం రాయించండి చాలు. ఆ నోట్‌బుక్‌ను శనివారం క్లాస్ టీచర్‌కు చూపించమనండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు