సొరుగులో ఇరవై ఏళ్లు దాగిన గబ్బిలం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? గబ్బిలాల గురించి చదివి ఏం బావుకుంటావని మొన్న ఫోన్‌లో వెక్కిరించావుగా. ఫోన్‌లోనే జవాబు చెబుదామంటే నువ్వు మాట సాగనివ్వవు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ఈ మధ్య నా బుర్ర తినేస్తున్నది సలీం అలీ పండ్ల గబ్బిలం. ప్రపంచం మొత్తంలో పడమటి కనుమల దక్షిణ కొసనే ఉంటుంది. తమిళనాడులో మేఘమలై, కలక్కాడ్ ముండంతురై, కేరళలో పెరియార్ వైపు దీన్ని చూశారు. 1948లో అంగస్ హటన్ అనే తోటల దొర మేఘమలై కొండల్లో దీన్ని పట్టి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేర్చాడు. అక్కడేమో మన ఊళ్లలో జామచెట్ల మీద తిరిగే పొట్టిముక్కు పండ్ల గబ్బిలమే అనుకుని, ఆ పేరుతోనే చీటీ కట్టి అక్కడి మ్యూజియం సొరుగులో పెట్టేశారు! రెండు దశాబ్దాలు గడిచాక కిట్టి థాంగ్‌లాంగ్య అనే థాయ్ శాస్త్రవేత్త చూసి, ఇది అది కాదే అన్నాడు. పొట్టిముక్కుదానికి చిన్న తోక బయటికి కనిపిస్తుంది, దీనికి లేదు. పళ్ల లెక్క కూడా కలవలేదు. 1972లో కొత్త జాతి మాత్రమే కాదు, ఏకంగా కొత్త ప్రజాతి (దగ్గరి జాతులను కలిపే గుంపు) అని ప్రకటించి, మన పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టాడు. మళ్లీ అడవిలో ప్రాణాలతో కనిపించింది 1993లో. (ఆ కిట్టి 1974లోనే పోయాడు, పాపం. బొటనవేలంత ఉండే ఓ బుల్లి గబ్బిలానికి తర్వాత ఆయన పేరే పెట్టారు.)

ఇంతకీ నా బాధ ఏంటంటే, మ్యూజియంలో జరిగిన పొరపాటే బయట రోజూ జరుగుతోంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీన్ని మొదటి షెడ్యూల్‌లో పెట్టారు, పులితో సమానంగా. బాగానే ఉంది. కానీ అదే చట్టం చాలా ఏళ్లు మిగతా పండ్ల గబ్బిలాలన్నిటినీ కాకులు, ఎలుకలతో కలిపి చీడ జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో గానీ ఆ జాబితా పోలేదు. నిపుణులకే పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియని జంతువులవి, చీకట్లో వల వేసేవాడు తోక ఉందా లేదా అని చూస్తాడా? ఒకదాన్ని కాపాడాలంటే దాని చుట్టాలను కూడా వదిలిపెట్టాలి, నా ఉద్దేశంలో వేరే దారి లేదు. ఉబ్బసానికి మందని కొందరు, నిపా భయంతో ఇంకొందరు గబ్బిలం కనపడితే చాలు చంపేస్తున్నారు. నిపా వైరస్‌కు ప్రధాన ఆవాసంగా గుర్తించింది ఊరి మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాన్ని, దీన్ని కాదు. ఆ పెద్దవాటిని చంపినా వైరస్ పోదు, మిగిలినవి బెదిరి ఇంకో ఊరికి పోతాయంతే.

ఇది తినే తీరు చెబితే నీకు నచ్చుతుంది. కాయున్న చెట్టు మీదే కూర్చుని తినదు, పండు నోట కరుచుకుని ఇంకో కొమ్మకు పోయి, తలకిందులుగా వేలాడి, గుజ్జును అంగిలికేసి నొక్కి రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. అడవిలో పిప్పి ముద్దలు పడి ఉన్న చోటు పైకి చూస్తే దాని భోజనాల కొమ్మ కనపడుతుంది. మర్రి జాతి పండ్లలో గింజలు చిన్నవి కాబట్టి కడుపులోంచి ఎగురుతుండగానే ఎక్కడో రాలిపోతాయి, రుద్రాక్ష కుటుంబపు పెద్ద గింజలైతే ఆ కొమ్మ కిందే. ఎలా చూసినా తల్లిచెట్టుకు దూరంగా విత్తనం పడినట్టే. ఇక ఆ అడవిని కొట్టి కాఫీ, టీ, యాలకుల తోటలు వేశారు. ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయుసిఎన్ ఇప్పటికీ దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనే ఉంచింది. పైగా పండ్ల గబ్బిలాలు మామూలుగా ఈతకు ఒక్క పిల్లనే కంటాయి, పోయినవాటి లోటు ఎప్పటికి పూడుతుంది చెప్పు? 2021లో శ్రీవిల్లిపుత్తూర్–మేఘమలై పులుల అభయారణ్యం వచ్చాక, పులి పుణ్యమా అని దీనికీ కాస్త నీడ దొరికింది.

అన్నట్టు, డిసెంబర్‌లో మేఘమలై వెళ్తానన్నావుగా. ఇది పగలు గుహల్లో, చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది. గుహ కనపడగానే టార్చ్ వేసుకుని లోపలికి దూరకు, బెదిరితే పిల్లలు కిందపడతాయి. బయట పిప్పి ముద్దలు కనపడితే మాత్రం ఫోటో తీసి పంపు.

నీ
రవి