విదేశాల్లో ప్లకార్డు పట్టమనే ముందు

సంపాదకులు గారికి,

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది ఆ ఫ్యాక్టరీ కోసం భూములు పోయిన నిర్వాసిత కుటుంబం. నా ఉద్యోగం కూడా నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు (పునరావాస కార్డు) మీద వచ్చిందే. 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ కమిటీ ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మకానికి సరేనంది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాయి. వంతు వచ్చినప్పుడల్లా నేనూ ఆ టెంటులో కూర్చున్నాను. అంచేత పోరాటం గిట్టక ఈ ఉత్తరం రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

ఆ ఏడాది చివర్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరిగింది. ఏ దేశంలో ఉన్నా సరే, ఆదివారం 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని ప్లకార్డు పట్టుకుని ఫొటో పంపమని. నేను దాన్ని మా బంధువుల గ్రూపులో పెట్టాను. లండన్‌లో చదువుతున్న మా అన్నయ్య కూతురు స్నేహితులతో కలిసి మన హైకమిషన్ ఎదుట గంటసేపు నిలబడింది. ఒక పోలీసాయన వచ్చి, ఎంతసేపుంటారని అడిగి, నడిచేవాళ్లకు దారి వదలమని చెప్పి వెళ్లిపోయాడట. గల్ఫ్‌లో వెల్డరుగా ఉన్న మా మేనల్లుడు లేబర్ క్యాంపు గేటు ముందు నలుగురితో అదే ప్లకార్డు పట్టుకున్నాడు. మర్నాడు ఆఫీసుకి పిలిచి, అరబ్బీలో ఉన్న కాగితం మీద సంతకం తీసుకుని, ఎనిమిది రోజులు డ్యూటీకి రానివ్వలేదు. ఆ తర్వాత కాంట్రాక్టు పొడిగించలేదు. ఫొటో వల్లనే అని ఎవరూ అనలేదు లెండి. ఇంటికొచ్చాక వాడన్నది ఒక్కటే మాట: "మావయ్యా, నువ్వు పెట్టమంటేనే కదా పెట్టాను."

అదే నినాదం, అదే అట్టముక్క. నిలబడిన నేల వేరు. బ్రిటన్‌లో ఊరేగింపు తీయాలంటే సాధారణంగా ఆరు రోజుల ముందు పోలీసులకు రాసివ్వాలి, ఒకచోట నిలబడటానికి ఆ నోటీసు అక్కర్లేదు. జర్మనీలో 48 గంటల ముందు చెప్పాలి. అదీ సభకు ముందు కాదు, సభ ఉందని బయట ప్రకటించడానికి ముందు. సింగపూర్‌లో హాంగ్ లిమ్ పార్కులో నిరసనకు చోటుంది గానీ, అక్కడి పౌరులు, శాశ్వత నివాసులకే. వర్క్ పర్మిట్ మీద వెళ్లిన మనవాళ్లు వెళ్లి నిలబడినా తప్పే.

గల్ఫ్ సంగతి ఇంకా గట్టిది. 2024 జులైలో యూఏఈలో కొందరు బంగ్లాదేశీయులు రోడ్డెక్కారు. అక్కడి ప్రభుత్వాన్ని ఒక్క మాట అనలేదు, వాళ్ల కోపమంతా సొంత దేశంలోని ప్రభుత్వం మీద. అయినా రోజుల్లోనే 57 మందికి శిక్షలు పడ్డాయి. ముగ్గురికి యావజ్జీవం, 53 మందికి పదేళ్లు, ఒకరికి 11 ఏళ్లు. ఢాకాలో ప్రభుత్వం మారి, కొత్త పెద్దలు మాట్లాడాక సెప్టెంబరులో క్షమాభిక్ష దొరికింది. అందరికీ అలాంటి అదృష్టం పడుతుందా?

పరాయి గడ్డ మీద ఉద్యమం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటలకు వెళ్లిన తెలుగు కూలీలు ఎందరో. 1913లో అక్కడి భారతీయ కూలీలు మూడు పౌండ్ల పన్ను మీద గాంధీ వెంట సమ్మె కట్టి, జైళ్లకు వెళ్లారు. మరుసటేడు ఆ పన్ను పోయింది. కానీ జైలు తప్పదని గాంధీ వాళ్లకు ముందే చెప్పాడు. మా మేనల్లుడికి నేను చెప్పలేదు.

ఉద్యమానికి విదేశాల నుంచి పంపే డబ్బు విషయంలోనూ ఇంతే. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా, అది విదేశీ విరాళమే. రాజకీయ స్వభావం ఉన్న సంస్థయితే దాన్ని తీసుకోనే కూడదు. శిబిరాల్లో రసీదు పుస్తకం రాసేవాళ్లు ఈ తేడా అడగడం నేనెప్పుడూ చూడలేదు.

2025 జనవరిలో కేంద్రం మా ప్లాంటుకు 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ తర్వాత కాంట్రాక్టు కార్మికుల తొలగింపుతో మళ్లీ వేడి పుట్టింది. ఇలాంటి పిలుపులు మళ్లీ వస్తాయి, రావాలి కూడా. పిలుపిచ్చే కమిటీలను నేను అడిగేది ఇదీ: ఏ దేశంలో నిలబడొచ్చో, ఎక్కడ ముందు చెప్పాలో, ఎక్కడ అసలు వద్దో ఆ మెసేజ్‌లోనే రాయండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల తరఫున ఇక్కడ వాళ్ల ఇంటివాళ్లు వచ్చి టెంటులో కూర్చోవచ్చు. మహజరు మీద సంతకం పెట్టొచ్చు. విదేశాంగ శాఖ వలస కార్మికులకు ప్రయాణానికి ముందు ఒకరోజు శిక్షణ ఇస్తుంది. అందులో ఈ సంగతి తెలుగులో ఒక అరగంట చెప్పించే పని ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ చేపట్టాలి.

మా బంధువుల గ్రూపులో గల్ఫ్ నంబర్లు పదకొండు ఉన్నాయి. ఈసారి పిలుపొస్తే ముందు ఆ పదకొండు మందికీ ఫోన్ చేసి, ఫొటో పెట్టొద్దని చెప్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉక్కు కార్మికుడు,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం