గుడ్డు లేని బిస్కెట్లు

మెల్‌బోర్న్

అమ్మా,

ఇక్కడ అందరం కులాసా. దసరాకి కొనిచ్చిన ఓవెన్‌లో అప్పడాల డబ్బా పెట్టుకున్నావట, తమ్ముడు చెప్పాడు. "ఏం చేయాలన్నా గుడ్డు వేయమంటారు, దాంతో నాకేం పని" అన్నావట కూడా. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే కొలతలు అటూ ఇటూ అవుతాయి. కాగితమైతే వంటింట్లో గోడకి అంటించుకోవచ్చు.

ఇక్కడ ఏప్రిల్ 25 దగ్గర పడుతుంటే ఇళ్ళలో, బళ్ళలో అన్జాక్ బిస్కెట్లు చేస్తారు. 1915లో ఆ రోజునే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగారు. ఆ సైన్యం పేరే బిస్కెట్లకీ వచ్చింది. ఇందులో గుడ్డు ఉండదు. ఆ రోజుల్లో గుడ్లకి కరువట, పైగా ఓడలో వెళ్ళే తిండి చాలా రోజులు నిలవుండాలి కదా. సున్నుండలు డబ్బాకెత్తి పంపే నీకు ఈ లెక్క నేను చెప్పాలా! ఆ పేరుకి చట్టం కాపలా ఉంది. చాక్లెట్ ముక్కలు కలిపేసి అదే పేరుతో అమ్ముతానంటే కుదరదు. మన వంటింట్లోకి వచ్చి అడిగేవాళ్ళు లేరులే.

ఒక కప్పు మైదా, ఒక కప్పు ఓట్స్, ముప్పావు కప్పు పంచదార, అర కప్పు ఎండుకొబ్బరి పొడి ఒక పళ్ళెంలో కలుపుకో. ఓట్స్ పిండిగా ఉండేవి కాదు, అటుకుల్లా రేకులుగా ఉండేవి తీసుకో. కొబ్బరి తాజాది వేయకు, తడికి బిస్కెట్ మెత్తబడిపోతుంది. ఇక్కడివాళ్ళు గోల్డెన్ సిరప్ అని చెరకు పాకం వాడతారు. అది నీకు అక్కర్లేదు. బెల్లం కరిగించి, వడగట్టి, తేనెంత చిక్కబడగానే దించెయ్. అరిసెల పాకం దాకా పోనివ్వకు. అందులోంచి రెండు పెద్ద చెంచాలు చాలు.

125 గ్రాముల ఉప్పులేని వెన్న, ఈ పాకం కలిపి సన్నసెగ మీద కరగబెట్టు. అర చెంచా వంటసోడాని పెద్ద చెంచాడు వేడినీళ్ళలో కలిపి అందులో పోసెయ్. ఒక్కసారిగా బుసబుసా నురగ పొంగుతుంది, కాబట్టి గిన్నె కాస్త లోతుగా ఉండేది పెట్టుకో. నాకైతే మొత్తం పనిలో ఇదే సరదా. ఆ నురగ ఉండగానే పిండిలో పోసి కలిపెయ్. నిమ్మకాయంత ఉండలు చేసి, కొంచెం నొక్కి, ట్రేలో దూరదూరంగా పెట్టు, వేడికి పరుచుకుంటాయి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. మన చిన్న ఓవెన్‌లో పైసెగ ఎక్కువ తగులుతుంది, ట్రే మధ్య అరలో పెట్టి పదో నిమిషం నుంచీ ఓ కన్నేసి ఉంచు.

అసలు సంగతి ఇక్కడుంది. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉంటాయి. ఉడకలేదని టెన్షన్ పడి మళ్ళీ లోపల పెట్టకు. ట్రేలోనే వదిలేస్తే చల్లారేకొద్దీ గట్టిపడతాయి. కరకరలాడాలంటే అంచులు బాగా ఎర్రబడనివ్వు, సాగుతూ ఉండాలంటే ముందే తీసెయ్. ఇక్కడ ఈ విషయంలో ఇళ్ళలో రెండు పార్టీలు. నేను కరకరల పార్టీ. మా ఆయన రెండోది, పళ్ళు బాగానే ఉన్నాయి మరి, ఎందుకో తెలీదు.

నాన్నకి షుగర్ కదా, ఓట్స్ ఉన్నాయి ఆరోగ్యమని వాదిస్తారు. నమ్మకు. ఒకటి చేతిలో పెట్టి డబ్బా పైఅరలో దాచెయ్. పిన్నికి మాత్రం కొన్ని పంపించు, తన దగ్గర నాకు కావాల్సిన పని ఒకటుంది: కజ్జికాయల్లోకి కొబ్బరికి బెల్లం ఎంత వేస్తుందో కొలత రాసిమ్మను. "చూసుకుని వేసుకోవే" అంటే ఒప్పుకోనని చెప్పు.

అప్పడాల డబ్బా బయటికి తీయడం మర్చిపోకు.

నీ పెద్దమ్మాయి