నియోక్లాసికల్ అడుగుతున్న మా కస్టమర్లకు: షాపులో ఏముంది, ఏం లేదు

నమస్తే అండి. ఈ మధ్య షాపుకి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేది ఒకటే ప్రశ్న: "నియోక్లాసికల్ ఐటమ్స్ ఏమైనా ఉన్నాయా?" ఎలాంటివి కావాలో ఫోటో పెట్టమంటే క్రీమ్ రంగు గోడకి మౌల్డింగ్, దాని మీద బంగారు గీత, ముందు బటన్లు కుట్టిన వెల్వెట్ సోఫా వస్తున్నాయి. హైదరాబాద్‌లో కొత్త విల్లాలకీ, ఇక్కడ విశాఖలో సముద్రం కనిపించే ఫ్లాట్లకీ ఇంటీరియర్ డిజైనర్లు ఇప్పుడు ఈ పేరే చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి, అది వాళ్ళ వ్యాపారం. ఆ సరుకు మాత్రం మా దగ్గర లేదు, తెప్పించే ఆలోచన కూడా లేదు. మాది పాత సామాన్ల షాపు. అడిగేవాళ్ళు పెరిగారు కాబట్టి ట్యాగులు రాసే పద్ధతి మారుస్తున్నాం, కొన్ని రేట్లు కూడా మారుతున్నాయి. ఎందుకో మీకు ముందే చెప్పాలి.

నియోక్లాసికల్ అంటే పాత గ్రీకు, రోమన్ పోలికల్ని పద్దెనిమిదో శతాబ్దంలో మళ్ళీ తెచ్చిన శైలి. దీనికి ఊపిరి పోసింది ఇటలీ. వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లో, పాంపేలో 1748లో తవ్వకాలు మొదలయ్యాయి. రోమన్ల ఇళ్ళు, గోడల మీది బొమ్మలు, కంచు దీపాలు బయటపడేసరికి యూరప్ సంపన్నులకి అప్పటిదాకా మోజుపడ్డ రోకోకో అనే శైలి వంకరలు మొహం మొత్తాయి. రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండ్ ఆర్కిటెక్ట్ కొన్నేళ్ళు ఇటలీలో ఉండి, 1758లో లండన్‌కి తిరిగొచ్చి, గోడ దగ్గర్నుంచి తలుపు గొళ్ళెం దాకా అన్నీ ఒకే లెక్కలో గీయడం మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో పదహారో లూయీ 1774లో గద్దెనెక్కే నాటికి అక్కడా ఇదే గాలి వీస్తోంది. అంతకుముందు మేక కాలులా వంపు తిరిగే కుర్చీ కాళ్ళు నిటారుగా అయ్యాయి, కిందికి సన్నబడ్డాయి, వాటి మీద రోమన్ స్తంభాల మీద ఉండేలాంటి నిలువు గాడులు వచ్చాయి. కలశాలు, పూలదండలు, పొట్టేలు తలలు, మడతలు మడతలుగా తిరిగే గ్రీక్ కీ అంచు, ఇవన్నీ ఆ సామాన్ల మీద చూసేవే. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి వెళ్ళాక మనిషి తల, సింహం ఒళ్ళు ఉండే స్ఫింక్సు బొమ్మలు కూడా వచ్చి చేరాయి.

మన వ్యాపారంలో చిక్కంతా ఈ తర్వాతి కథలో ఉంది. ఈ శైలి 1830ల తర్వాత పాతబడింది కానీ పోలేదు. 1870ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా లండన్‌లో, పారిస్‌లో వాటినే మళ్ళీ విపరీతంగా చేశారు. ఆ తర్వాతా చేశారు, ఇప్పుడూ చేస్తున్నారు. అంటే కాళ్ళు నిటారుగా ఉన్నాయని, కలశం చెక్కి ఉందని ఆ కుర్చీకి రెండు వందల ఏళ్ళు అనుకోడానికి లేదు.

పేర్ల సంగతీ అంతే. "హెపుల్‌వైట్ కుర్చీ ఉందా?" అని కొందరు తెలిసినవాళ్ళు అడుగుతారు. జార్జ్ హెపుల్‌వైట్ అనే లండన్ వడ్రంగి 1786లో పోయాడు. ఆయన గీసిన నమూనాల పుస్తకాన్ని భార్య ఆలిస్ 1788లో అచ్చు వేయించింది. ఆయన చేత్తో చేసిందని ఖాయంగా చెప్పగలిగిన కుర్చీ ఒక్కటీ లేదు. థామస్ షెరటన్ అనే ఇంకో ఇంగ్లీషు డిజైనర్ పుస్తకం 1791 నుంచి భాగాలుగా వచ్చింది, ఆయన విషయంలోనూ ఇదే పరిస్థితి. పుస్తకం చూసి ఎక్కడి వడ్రంగి అయినా చేసుకోవచ్చు, చేసుకున్నారు. కాబట్టి ఎవరైనా "ఒరిజినల్ షెరటన్" అని చెప్పి లక్షలు అడిగితే, ఏ ఆధారంతో అంటున్నారో అడగండి. నన్నైనా సరే, మొహమాటపడకుండా అడగండి.

ఇక నుంచి మా ట్యాగు మీద శైలి ఒక లైను, చేసిన కాలం ఇంకో లైను, మార్చిన భాగాలు మూడో లైను ఉంటాయి. "షెరటన్ శైలి, సుమారు 1900, వెనక కాళ్ళు రెండూ కొత్తవి" అన్నట్టు. కాలం తేలకపోతే "తేలలేదు" అనే రాస్తాం, రేటు కూడా దానికి తగ్గట్టే పెడతాం. ఈ లెక్కన కొన్ని వస్తువుల ధర తగ్గుతోంది, కొన్నిటిది పెరుగుతోంది. తగ్గేవి ఎక్కువగా ఫ్రెంచ్ మోడల్ గడియారాలు. పెరిగేవి మన దగ్గర చేసిన టేకు, రోజ్‌వుడ్ కుర్చీలు.

ఉన్న మాట చెప్పాలంటే, పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్‌లో చేసిన సామాను మా షాపులో ఒక్కటీ లేదు. అలాంటివి దొరికినా కొనే స్తోమత మాకు లేదు. మన వాతావరణంలో అవి నిలవడం కూడా కష్టమే. పలచటి ఖరీదైన చెక్కని మామూలు చెక్క మీద జిగురుతో అంటించే వెనీర్ పని వాళ్ళది. ఆ జిగురు జంతువుల చర్మం, ఎముకలు ఉడకబెట్టి తీసింది, ఉక్కపోతకి మెత్తబడి వదిలేస్తుంది. అందుకే ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ కోసం పనిచేసిన మన వడ్రంగులు ఆ డిజైన్లనే తీసుకుని, వెనీర్ మానేసి, గట్టి టేకుతో, రోజ్‌వుడ్‌తో చేశారు. సీటుకి మెత్త బదులు పేము అల్లారు, గాలి ఆడుతుందని. మా దగ్గర బాగున్నవి ఇవే. వీటిని "బ్రిటిష్ కాలం కుర్చీలు" అని తక్కువ చేసి మాట్లాడతారు గానీ, నాకైతే పారిస్ నకళ్ళ కంటే ఇవే నయం.

ఇప్పుడు షాపులో ఉన్న భోజనాల బల్ల కుర్చీల సెట్టులో ఒకటి తిరగేసి చూడండి, ఎవరడిగినా తిప్పి చూపిస్తాం. ముందు కాళ్ళు కత్తిలా ముందుకి వంగి ఉంటాయి, అది పాత గ్రీకు కుండల మీది బొమ్మల్లో కనిపించే కుర్చీ పోలిక. సీటు చట్రం అడుగున చిత్రిక పట్టలేదు, రంపపు గీతలు అలాగే ఉన్నాయి, అన్నీ తిన్నగా. గుండ్రటి రంపంతో కోస్తే గీతలు విల్లులా వంగి ఉంటాయి. కుసి, అది దూరే బెజ్జం, వాటి పక్కన ఉలి మొనతో కొట్టిన చిన్న గీతలున్నాయి, ఏ కాలు ఏ చట్రంలోదో కలిసిపోకుండా మేస్త్రి పెట్టుకున్న గుర్తులు. మూలల్లో నాలుగు స్క్రూలు మాత్రం మొన తేలినవి. మొన ఉన్న స్క్రూలు మిషన్ల మీద రావడం 1840ల తర్వాతే. కాబట్టి కుర్చీ పాతదే, ఆ బిగింపు మాత్రం తర్వాతెప్పుడో ఎవరో చేసిన రిపేరు. ట్యాగు మీద అదే రాశాం. పేము అల్లిక కొత్తది, అది మేమే వేయించాం.

గడియారాలకి వద్దాం. పాలరాయి పీట, పక్కన బంగారు పూతతో గ్రీకు దేవత, మధ్యలో డయల్. చూడగానే మనసు లాగేస్తాయి. నిజమైన పాత పనిలో కంచు మీద పాదరసంలో కలిపిన బంగారం పూసి, కాల్చి, పాదరసాన్ని ఆవిరి చేసేవాళ్ళు. ఆ పొగ పీల్చి పనివాళ్ళ ఆరోగ్యం గుల్లయ్యేది. 1840లో ఎల్కింగ్టన్ అనే కంపెనీ వాళ్ళు కరెంటుతో పూత వేసే పద్ధతికి ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాక ఆ పని చవకైంది. చవకగా చేసే గడియారాల్లో కంచు బదులు జింకు వాడటం కూడా పెరిగింది. దేవత బొమ్మ విప్పి కాలి అడుగున చిన్న గీత గీస్తే, పసుపు రంగు కనిపిస్తే కంచు లేదా ఇత్తడి, బూడిద రంగైతే జింకు. మా దగ్గరున్నవి చాలావరకు జింకువే. అలంకారానికి బాగానే ఉంటాయి, గంట కూడా కొడతాయి. కంచు రేటు మాత్రం వాటికి అడగం.

వెడ్జ్‌వుడ్ అనే ఇంగ్లీషు కంపెనీ వాళ్ళ నీలం మట్టి పాత్రల మీద తెల్ల బొమ్మలుంటాయే, వాటినీ అడుగుతున్నారు. జోసయా వెడ్జ్‌వుడ్ 1770ల్లో ఆ మట్టిని సాధించాడు, కంపెనీ మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కూడా అదే పద్ధతిలో చేస్తూ వచ్చింది. అడుగున పేరుతోపాటు "ఇంగ్లండ్" అని ఉంటే 1891కి ముందుది కాదని అనుకోవచ్చు, ఎందుకంటే అప్పట్నుంచి అమెరికాకి పంపే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న రూలు వచ్చింది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే ఆన్‌లైన్‌లో బోలెడు డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఇక అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం, దంతం పెట్టెలు. విశాఖ షాపు అనగానే ఇవి అడగడం సహజమే. 1756లో ఇక్కడికొచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరి పొదిగే పనిని మెచ్చుకుంటూ రాశాడు. మొదట్లో రోజ్‌వుడ్, ఎబొనీ అనే నల్ల చెక్కల్లో దంతం పొదిగి, దాని మీద పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్ళు. శతాబ్దం చివరికొచ్చేసరికి గంధపు చెక్క మీద పలచటి దంతపు రేకులు పరిచి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన అచ్చు బొమ్మలు చూసి భవనాలు, స్తంభాలు చెక్కారు. టీ డబ్బాలు, రాత పెట్టెలు, అద్దం స్టాండ్లు, అన్నీ ఆనాటి లండన్ ఫ్యాషనే. అంచులు మాత్రం మన కోస్తా అద్దకం బట్టల మీద పూలతీగల్లా ఉంటాయి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వీటిని చూడొచ్చు. మన ఊళ్ళో పుట్టిన నియోక్లాసికల్ ఏదైనా ఉందంటే ఇదే, అందులో అనుమానం లేదు.

అయినా మేం అమ్మం, కొనం, కమీషన్ మీద కూడా చూపించం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలతో ఏనుగు దంతం వ్యాపారం పూర్తిగా నిషేధం, ఆఫ్రికా దంతం కూడా. "పాతది కదండీ, తాతగారి కాలంది" అంటే కుదరదు. ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే ఎవరికీ బేరం పెట్టకుండా ముందు అటవీ శాఖ వాళ్ళనో, తెలిసిన లాయర్నో అడగండి. బజార్లో దంతం అని చెప్పి ఒంటె ఎముక అంటగట్టేవాళ్ళు కూడా ఉన్నారు. భూతద్దంలో సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే అది ఎముక. మేం చెక్క మీద ఎముక పొదిగిన కొత్త పెట్టెలు కొన్ని పెట్టాం, ట్యాగు మీద "ఎముక, కొత్తది" అని పెద్దక్షరాలతోనే ఉంటుంది.

అమెరికా, ఆస్ట్రేలియా నుంచి అడిగేవాళ్ళకి ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. అంతకంటే కొత్తదైతే పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అని సర్టిఫికెట్ తీసుకోవాలి. రోజ్‌వుడ్ అయితే దానికి వేరే అనుమతి కాగితాలు కూడా. "ట్యాగు మీద ఏడాది మార్చి పంపేయండి" అన్నవాళ్ళున్నారు. ఆ పని మేం చేయం. ఇండియాలో మీ ఇంటికైతే నిక్షేపంగా పంపిస్తాం.

రిపేరు పనికి కూడా కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పాత జిగురు పనికి పాత రకం జిగురే వాడతాం, వేడి నీళ్ళతో రేపు మళ్ళీ విప్పుకోవచ్చు కాబట్టి. తెల్ల జిగురుతో అంటించి తెచ్చిన వెనీర్ ఊడదీయాలంటే చెక్క కూడా లేచి వస్తుంది, అలాంటివాటికి రేటు ఎక్కువ, గ్యారంటీ లేదు. పాత లక్క పాలిష్ గీకేసి అద్దంలా మెరిసే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కొట్టమంటే, వందేళ్ళు దాటినవాటికి కొట్టం. కొత్త సామానుకైతే మీ ఇష్టం. వెనీర్ ఉన్నదాన్ని ఏసీ గాలి సూటిగా తగిలేచోట పెట్టకండి, ఎండకీ పెట్టకండి. ఇది చాలామంది పట్టించుకోరు, తర్వాత మా మీద పడతారు.

పేము అల్లిక ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. అల్లేవాళ్ళు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళని తొందరపెడితే అల్లిక వదులుగా వస్తుంది. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకి ఆగలేకపోతే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం, అడగడానికి మొహమాటపడకండి. కొనే ముందు సలహా కావాలంటే వాట్సాప్‌లో ముందు వైపు ఫోటో కంటే అడుగు భాగం, వెనక భాగం, సొరుగు లోపలి మూలల ఫోటోలు పంపండి. వేరే షాపులో కొంటున్నా ఫరవాలేదు, చూసి నాకు తోచింది చెబుతాను. ఆదివారం మాత్రం షాపు మధ్యాహ్నం దాకానే.