లేఅవుట్‌కు మరవ ఎక్కడో అడగండి

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై ఏళ్లుగా అనంతపురంలో ప్లాన్లు గీసి, అనుమతుల ఫైళ్లు తయారుచేసి బతుకుతున్నాను. ఏ కాగితం లేకపోతే ఫైలు వెనక్కొస్తుందో నాకు కంఠతా వచ్చు. వాన నీళ్ల గురించి ఆ ఫైళ్లలో ఏముంటుందో మీకు తెలియాలనే ఈ ఉత్తరం.

ప్లాన్‌లో ఒక మూల ఇంకుడు గుంత గుర్తు ఉంటుంది. పక్కన దాని సెక్షన్ బొమ్మ, అంటే నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపేది: అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆపైన ఇసుక. ఆ బొమ్మను ఒక ఫైలులోంచి ఇంకో ఫైలుకు అతికిస్తాం. నేనూ అతికించాను. కింద ఎర్రనేల ఉన్నా, బండ ఉన్నా అదే బొమ్మ.

నూరు చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంతలో కంకర నింపాక వెయ్యి లీటర్లు కూడా నిలవవు. మిగతావి ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్న నా ఫైళ్లలో ఏ కాగితమూ అడగలేదు.

పోయినేడు నేను ప్లాన్ గీసిన ఒక ఇంటికి వెళ్లాను. గుంత మీద కడప బండ, బండ మీద స్కూటరు. మిద్దె పైపు నేరుగా రోడ్డు మీదికి తిరిగి ఉంది. "ఫోటో తీసుకున్నాక మూసేసినాం సార్, పిల్లోడు పడతాడని భయమాయె" అంది ఇంటావిడ. ఆమె భయంలో తప్పేముంది?

లేఅవుట్ల సంగతి ఇంకా పెద్దది. ఎకరా మీద అదే వాన పడితే రెండు లక్షల లీటర్లు. చేనుగా ఉన్నప్పుడు అందులో చాలా భాగం నేల తాగేది. సిమెంటు రోడ్లు పడ్డాక పల్లానికి ఉరుకుతుంది. వాగు నుంచి ఎన్ని మీటర్లు వదలాలో 2017 భవన నిబంధనల్లో ఉంది. వంక, అంటే వాన నీళ్లు పారే చిన్న వాగు, పక్కనైతే జలవనరుల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెస్తాం. అవన్నీ వంకను ఆక్రమించకుండా చూసేవి. వంకలోకి మనం కొత్తగా ఎంత నీరు పంపుతున్నామో లెక్క అడిగేవి కావు. నేను గీసిన లేఅవుట్లలో డ్రైను గీత హద్దు రాయి దగ్గర ఆగిపోయింది.

2022 అక్టోబరులో మా ఊళ్లో పారే నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా చూడని ఊళ్లో, మనుషులను ఇళ్లలోంచి పడవల్లో తెచ్చారు. నీళ్లు తీశాక ఒక వీధిలో తడిసిన బియ్యం మూటలు అరుగుల మీద ఆరబెట్టి ఉన్నాయి. ఆ వాసన ఇంకా మరిచిపోలేదు.

చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే దారిని మరవ అంటాం. మా వైపు చెరువు మరవ పారితే పండగ. బుక్కరాయసముద్రం లాంటి చెరువులు కట్టినవాళ్లు కట్టతో పాటే మరవ ఎక్కడ పెట్టాలో, ఆ నీరు ఏ వంకలో కలవాలో ముందే చూసుకున్నారు.

అయ్యా, కాగితాలు పెంచమని కాదు. ఆ అతుకుల బొమ్మ తీసేసి, దాని చోట ఒక్క షీటు అడగండి. స్థలం వాలు ఎటు, ఎంత నీరు బయటికొస్తుంది, ఏ కాలువలో ఏ మట్టానికి కలుస్తుంది, దాని పూడిక ఎవరు తీస్తారు, ఇవి చాలు. లేఅవుట్ పనులు పూర్తి చేస్తామన్న హామీగా తనఖా పెట్టిన ప్లాట్లు విడుదల చేసేముందు, ఒక మంచి వాన పడిన రోజున వార్డు ప్లానింగ్ కార్యదర్శి ఆ షీటు పట్టుకుని అక్కడ నిలబడి చూడాలి. ఫోటో అప్పుడు తీయాలి.

మీరు నమూనా అడిగితే, ఆ మొదటి షీటు నేనే గీసి పంపుతాను.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక ప్లానర్