వాకిట్లో పరిచే రాయి గురించి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు కట్టుకునేవారికి గదుల టైల్స్, రంగులు, అల్మారాల గురించి మీ స్థిరాస్తి పేజీల్లో మంచి సలహాలు వస్తున్నాయి. కానీ ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలే స్థలంలో ఏమి పరచాలన్నది చాలా ఇళ్లలో గృహప్రవేశానికి వారం ముందు, చేతిలో డబ్బు అయిపోయాక, మేస్త్రీ మాటతోనే తేలిపోతోంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆరేళ్ల క్రితం హైదరాబాద్ శివారులో కట్టుకున్న ఇంటి చుట్టూ బురద ఉండకూడదని జానెడు మట్టి కూడా మిగల్చకుండా కాంక్రీటు పోయించి, దానిపై పార్కింగ్ టైల్స్, గుమ్మం ముందు అద్దంలా మెరిసే నల్ల గ్రానైట్ వేయించాను. తొలి వానాకాలంలోనే మా అమ్మ ఆ మెట్టుపై జారిపడింది, మణికట్టు విరిగింది. మొదలు చుట్టూ సిమెంటు బిగించిన వేపచెట్టు మూడో ఏటికి పైకొమ్మల నుంచి ఎండసాగింది.

దుకాణంలో రాయిని పొడిగా, నీడలో చూపిస్తారు. మన వాకిలి ఏప్రిల్, మే నెలల్లో నిప్పులకొలిమి, జూలైలో తడి నేల. కాబట్టి కొనే ముందు ఒక ముక్క ఇంటికి తెచ్చి, తడిపి దానిపై వట్టి కాళ్లతో నిలబడాలి. మధ్యాహ్నం ఎండలో గంటసేపు ఉంచి తాకి చూడాలి. ముదురు రంగు రాళ్లు, ప్లాస్టిక్ గడ్డి ఈ రెండో పరీక్షలో నిలవవు. పచ్చగా ఉంటుందని పరిచే ఆ కృత్రిమ గడ్డి ఎండలో అసలు గడ్డి కన్నా ఎంతో ఎక్కువగా వేడెక్కి, పిల్లలు కాలు పెట్టలేని స్థితికి వస్తుంది.

మంచి రాయి కోసం దూరం వెళ్లనక్కరలేదు. వికారాబాద్ జిల్లా తాండూరు, నంద్యాల జిల్లా బేతంచెర్ల నాపరాళ్లలో లేత రంగువి, పాలిష్ పట్టనివి ఎంచుకుంటే కాలు జారదు, వేడి కొంత తక్కువ. గ్రానైటే కావాలనుకునేవారు మంటతో కాల్చి గరుకు చేసినది అడగాలి. ఒక జాగ్రత్త: నాపరాయి సున్నపురాయి కనుక, సిమెంటు మరకలు పోతాయని పనివాళ్లు యాసిడ్ పోస్తే పైపొర తినేసి శాశ్వతంగా తెల్లబారుతుంది.

రాయి కన్నా ముఖ్యమైనది దాని కింద వేసేది. వంద గజాల స్థలంపై 10 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్లకు పైగా నీరు చేరుతుంది. కింద కాంక్రీటు ఉంటే అదంతా గేటు దాటి వీధిలోకి పోతుంది, అదే వీధిలో వేసవిలో మనం ట్యాంకర్ కోసం ఎదురుచూస్తాం. అందుకే నేలను దిమ్మిస చేసి, కంకర, దానిపై రోబో ఇసుక (రాళ్లను యంత్రంతో నలగ్గొట్టి చేసే ఇసుక) పరిచి, బండల మధ్య రెండు వేళ్ల సందు వదిలి గడ్డి నాటితే నీరు అక్కడికక్కడే ఇంకుతుంది. వాలు ఇంటి గోడ వైపు కాక ఇంకుడు గుంత వైపు ఉండాలి. కారు చక్రాలు నడిచే రెండు పట్టీల్లో మాత్రం పలుచటి బండలు పగులుతాయి. అక్కడ 60 మిల్లీమీటర్ల మందం గల, ఒకదానితో ఒకటి బిగిసే ఇంటర్‌లాకింగ్ సిమెంటు దిమ్మలు ఇసుకపై పేర్చుకోవచ్చు. చెట్టు చుట్టూ కనీసం మూడడుగుల పాదు వదలాలి.

గత వేసవిలో మేము కాంక్రీటు పగలగొట్టించి ఇలాగే తిరిగి వేయించాం. పగలగొట్టి, శిథిలాలను తరలించడానికే చాలా ఖర్చయింది. వేపచెట్టు ఒక వైపు మాత్రమే చిగురించింది. రెండో వైపు కొమ్మలు కొట్టేయక తప్పలేదు. కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నవారికి ఈ నష్టం కలగకుండా, అనుభవజ్ఞులైన ఆర్కిటెక్టుల చేత వాకిలి, పెరడు పనుల గురించి నేల కింది పొరలు కనిపించే అడ్డుకోత చిత్రాలతో సహా రాయించి వానాకాలానికి ముందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్