స్కోరు సరే, ఎలుకల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మల్కాజిగిరిలో మా మేనత్త ఇంటికి వెళ్తే, టీవీ స్టాండు అద్దం కింద దాచిన మీ పేపర్ కటింగ్ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నాలుగు మడతలు, ఒక మూల పసుపు మరక. "బిడ్డా, గీ మందు యాడ దొరుకుతది?" అని అడిగింది. మామయ్యకు రెండేళ్లుగా మతిమరుపు. చదివి చూస్తే మెదడు మీద ఏదో కొత్త పరిశోధన, దాని ఆల్ట్‌మెట్రిక్ స్కోరు (ఆ పరిశోధన గురించి వార్తల్లో, నెట్‌లో ఎంత చర్చ జరిగిందో చెప్పే అంకె) వెయ్యి దాటిందట, కాబట్టి ప్రపంచమంతా ఒప్పుకున్నట్టేనట. ఇదంతా ఎలుకల మీద చేశారన్న ముక్క మాత్రం చివరి పేరాలో, అదీ సగం వాక్యం.

నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను, ఈ స్కోరు నాకు రోజూ కనిపించేదే. పరిశోధన వ్యాసం పక్కన గారెలా మధ్యలో చిల్లున్న రంగుల చక్రం ఒకటి ఉంటుంది, ఆ చిల్లులో అంకె. ఎరుపు కనిపిస్తే వార్తలు, పసుపు కనిపిస్తే బ్లాగులు. 2011లో లండన్‌లో మొదలైన ఆల్ట్‌మెట్రిక్ సంస్థ దీన్ని లెక్కగడుతుంది. మామూలుగా వార్తకు 8 మార్కులు, బ్లాగుకు 5, ఫేస్‌బుక్ పోస్టుకైతే పావు. మెచ్చుకుంటూ రాసినా, చీల్చి చెండాడినా కలిసేది అందులోనే. ఎంత గోల జరిగిందో తెలుస్తుంది గానీ పరిశోధనలో పస ఉందో లేదో తెలియదు, ఈ మాట ఆ సంస్థవాళ్లే చెప్తారు. పైగా న్యూస్‌పేపర్లు రాస్తే స్కోరు పెరుగుతుంది, స్కోరు పెరిగిందని అవే మళ్లీ రాస్తాయి!

మెదడు అనేసరికి జనం ఆగి చదువుతారు, ఆ రంగుల స్కానింగ్ బొమ్మ పక్కన ఉంటే ఇంకా నమ్మేస్తారు. అమెరికాలో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపిస్తే, చేప మెదడు 'పనిచేస్తున్నట్టు' చుక్కలు వెలిగాయి (చేప అనగానే మృగశిర నాటి నాంపల్లి గుర్తొచ్చే ఊరు మనది, నవ్వుకోకండి). స్కాన్‌లో ఒకేసారి వేల చోట్ల వెతికినప్పుడు లెక్కలు సరిగ్గా సవరించకపోతే ఇలాంటి వింతలే వస్తాయని చూపించడానికి చేసిన పని అది. దానికి 2012లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. ఎంతో పేరొచ్చింది, అంతమాత్రాన చచ్చిన చేప ఆలోచిస్తుందని ఎవరైనా అన్నారా?

తప్పంతా మీదే అనను. బ్రిటన్‌లో 20 యూనివర్సిటీల ప్రెస్‌నోట్లు తిరగేసి 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వేశారు. జంతువుల మీద చేసిన పని గురించిన ప్రెస్‌నోట్లలో, అది మనుషులకూ వర్తిస్తుందన్నట్టు పెంచి చెప్పినవి 36 శాతం అని తేలింది. అంటే ఉబ్బరం మీ డెస్కుకి రాకముందే మొదలవుతోంది. అయినా శీర్షిక పెట్టేది మీరే కదండీ. స్కోరు వేయండి, వద్దనను. కానీ ఎవరి మీద చేశారు, ఎలుకలా మనుషులా, ఎన్ని, ఎంతమంది అన్నది మొదటి నాలుగు లైన్లలో రాయండి. మీ పేపర్‌ని కత్తిరించి దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

అత్తకు గారె, చిల్లు, పావు మార్కు ఇవన్నీ ఎక్కడ చెప్పను? "ఇంకా ఎలుకల దగ్గరే ఉంది అత్తమ్మా" అన్నాను. కాసేపు కటింగ్ వైపే చూసి, మళ్లీ అవే మడతల మీద మడిచి అద్దం కింద పెట్టేసింది.

– ఒక లైబ్రేరియన్, తార్నాక, హైదరాబాద్